చల్లని గింజల సలాడ్‌లో నీళ్లెందుకు చేరతాయి?

ఉడికించిన గింజలు, కూరగాయ ముక్కలు కలిపి, పుల్లటి డ్రెస్సింగ్ పట్టించి, ఫ్రిజ్‌లో చల్లబరిచి తినే సలాడ్ గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలు, వాటికి జవాబులు.

ప్రశ్న: రాజ్మా, కాబూలీ శనగలు, బీన్స్‌తో చల్లటి సలాడ్ చేయాలనుకుంటున్నాను. ఆరుగురికి సరిపడా కొలతలు, చేసే వరస మొదటి నుంచి చెప్పండి. ఇంట్లో ప్రెషర్ కుక్కర్ ఉంది.

ఎండు రాజ్మా 100 గ్రాములు, కాబూలీ శనగలు 100 గ్రాములు తీసుకోండి. ఉడికాక ఒక్కొక్కటీ దాదాపు రెండున్నర రెట్లు బరువు తూగుతుంది. కూరగాయల్లో బీన్స్ 200 గ్రాములు, క్యాప్సికం ఒకటి, క్యారెట్ ఒకటి, కీరదోస ఒకటి, మధ్యరకం ఉల్లిపాయ ఒకటి, గుప్పెడు కొత్తిమీర. డ్రెస్సింగ్‌కి 5 శాతం ఆమ్లం ఉన్న వెనిగర్ 4 టేబుల్ స్పూన్లు, నూనె 4 టేబుల్ స్పూన్లు, చక్కెర 2 టీ స్పూన్లు, ఉప్పు 1 టీ స్పూను, మిరియాల పొడి అర టీ స్పూను, ఆవాల ముద్ద 1 టీ స్పూను. ఆకు సలాడ్లకి ఒక వంతు వెనిగర్‌కి మూడు వంతుల నూనె వేస్తారు. ఇక్కడ రెండూ సమానం. గింజల్లోని పిండిపదార్థం పులుపును మింగేస్తుంది, ఆకుల కొలత వేస్తే మర్నాటికి చప్పబడుతుంది.

ముందురోజు రాత్రి రాజ్మా, శనగలు వేర్వేరు గిన్నెల్లో నానబెట్టండి. లీటరు నీటికి 15 గ్రాముల ఉప్పు, అంటే రెండున్నర టీ స్పూన్లు, కలపండి. 8 నుంచి 12 గంటలు చాలు. ఎండాకాలమైతే గిన్నెలు ఫ్రిజ్‌లో పెట్టండి, బయట ఉంచితే పులిసి నురగ కడతాయి. పొద్దున ఆ నీళ్లు పారబోసి, గింజలు బాగా కడిగి, మంచినీళ్లలో లీటరుకు ఒక టీ స్పూను ఉప్పు వేసి ఉడికించండి. రెండూ ఒకే కుక్కర్‌లో వేయొద్దు. రాజ్మా మెత్తబడే సరికి శనగలు ఇంకా పలుకుగానే ఉంటాయి, పైగా రాజ్మా రంగు శనగలకు అంటుతుంది. మొదటి విజిల్ వచ్చాక మంట బాగా తగ్గించి రాజ్మాకి 10 నిమిషాలు, శనగలకి 15 నిమిషాలు లెక్కపెట్టండి. విజిళ్ల లెక్క నమ్మలేం, ఒక్కో కుక్కర్‌కి ఒక్కో తీరు. ఆవిరి దానంతట అదే దిగాలి. విజిల్ ఎత్తి బలవంతంగా ఆవిరి వదిలితే లోపలి నీళ్లు ఒక్కసారిగా తెర్లి గింజల తొక్కలు చిట్లుతాయి.

మూత తీశాక గింజలను వాటి నీళ్లలోనే పావుగంట ఉంచి, అప్పుడు చిల్లుల గిన్నెలోకి వార్చండి. పది నిమిషాలు వదిలేసి, శుభ్రమైన పొడిగుడ్డ మీద పరచండి. ఇంకా గోరువెచ్చగా ఉండగానే, వెనిగర్‌లో ఉప్పు, చక్కెర కరిగించి, అందులో సగం వాటికి పట్టించండి. ఈ దశలో నూనె వేయకూడదు. నూనె ముందు తగిలితే గింజ చుట్టూ పొరలా కమ్ముకుని పులుపును లోపలికి పోనివ్వదు.

అవి చల్లారేలోపు బీన్స్ చివర్లు తుంచి అంగుళం ముక్కలు చేసి, తెర్లే ఉప్పునీళ్లలో 3 నిమిషాలు ఉంచి, తీసి వెంటనే ఐసు నీళ్లలో వేసి, వార్చి, తుడవండి. క్యాప్సికం, క్యారెట్, కీరదోస శనగగింజంత ముక్కలు కోయండి. స్పూనుతో తీసుకున్నప్పుడు గింజా ముక్కా కలిసి నోట్లోకి రావాలంటే ముక్క గింజకంటే పెద్దది కాకూడదు. క్యారెట్, క్యాప్సికం, ఉల్లి గింజల్లో కలిపి, మిగిలిన వెనిగర్‌లో ఆవాల ముద్ద, మిరియాలు, నూనె వేసి బాగా గిలక్కొట్టి పోయండి. మూతపెట్టి కనీసం 3 గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. రాత్రంతా ఉంటే ఇంకా బాగుంటుంది. బీన్స్, కీరదోస, కొత్తిమీర తినబోయే అరగంట ముందు కలపండి.

ప్రశ్న: కలిపినప్పుడు బాగానే ఉంటుంది. రెండు గంటలయ్యేసరికి గిన్నె అడుగున నీళ్లు చేరి, ముక్కలన్నీ అందులో తేలుతుంటాయి. డ్రెస్సింగ్ తగ్గించి చూశాను, అప్పుడు రుచే లేదు. తప్పెక్కడ?

తప్పు డ్రెస్సింగ్‌ది కాదు. అడుగున చేరేవి చాలావరకు కూరగాయల్లోంచి వచ్చిన నీళ్లు. ఉప్పు, చక్కెర తగిలితే ముక్కల్లోని నీరు బయటికి వస్తుంది, డ్రెస్సింగ్‌లో రెండూ ఉన్నాయి. డ్రెస్సింగ్ తగ్గిస్తే నీరు కాస్త తగ్గుతుందేమో, ఊరిన ఆ కాస్త నీరే రుచిని పలచన చేస్తుంది. అందుకే రెండు రకాలుగానూ నష్టపోయారు.

మార్గం ఒకటే: రావలసిన నీటిని సలాడ్‌లో కలపకముందే రప్పించేయాలి. కీరదోసలో 95 శాతం నీరే. దాన్ని నిలువుగా చీల్చి, మధ్యలోని గింజల భాగాన్ని టీ స్పూనుతో గీకి తీసేయండి. ఎక్కువ తడి అక్కడే ఉంటుంది. ముక్కలు కోసి, పావు కిలోకి అర టీ స్పూను ఉప్పు చల్లి చిల్లుల గిన్నెలో 20 నిమిషాలు వదలండి. కింద పెట్టిన పళ్లెంలో నీళ్లు కనబడతాయి. ముక్కలు కొంచెం వంగేట్టు అవుతాయి కానీ కొరికితే కరకరమంటూనే ఉంటాయి. గుడ్డలో వేసి మెల్లగా ఒత్తి తీసుకోండి, కడగొద్దు. ఆ ఉప్పు కొంత ముక్కలకు పట్టి ఉంటుంది కాబట్టి రుచి చూసే వరకూ పైన ఉప్పు వేయకండి.

టమాటా ఇంకా మొండిది. కోసిన టమాటా రాత్రంతా ఫ్రిజ్‌లో డ్రెస్సింగ్‌తో ఉంటే ఎంత జాగ్రత్త పడినా నీరు వదలక మానదు. వేయాలనుకుంటే చిన్న చెర్రీ టమాటాలు కోయకుండా వేయండి. పెద్దవైతే గుజ్జు, గింజలు తీసేసి కండ మాత్రం వడ్డించే ముందు కలపండి. క్యారెట్, క్యాప్సికం, స్వీట్ కార్న్‌తో ఈ ఇబ్బంది దాదాపు ఉండదు. రాత్రంతా ఉంచదలచుకున్న సలాడ్‌లో వీటికే పెద్దపీట వేయండి.

ఇక సరిగా వార్చని గింజలు, కడిగి తుడవని కొత్తిమీర. చూడటానికి ఎంతో కాదనిపిస్తుంది, గుప్పెడు తడి కొత్తిమీర కూడా డ్రెస్సింగ్‌ను పలచన చేసేంత నీళ్లు తెస్తుంది. కడిగినవన్నీ పొడిగుడ్డలో అద్ది గానీ గిన్నెలో వేయొద్దు. ఐసు నీళ్లలోంచి తీసిన బీన్స్ విషయంలో ఇది మరీ మరచిపోతారు.

ఇప్పటికే నీళ్లు చేరిపోతే, సలాడ్ మొత్తాన్ని చిల్లుల గిన్నెలో 5 నిమిషాలు వదిలి, ఆ తర్వాత ఒక స్పూను వెనిగర్, ఒక స్పూను నూనె కొత్తగా కలిపి రుచి చూడండి. వార్చిన నీటితోపాటు ఉప్పు, పులుపు కూడా పోయి ఉంటాయి, వాటిని తిరిగి ఇవ్వాలి.

ప్రశ్న: రాజ్మాకి తొక్కలు ఊడి వచ్చేస్తాయి, లోపల మాత్రం గట్టిగా ఉంటుంది. ఇంకాసేపు ఉడికిస్తే ముద్దయిపోతుంది. సలాడ్‌కి పనికిరావడం లేదు.

రెండు మూడు కారణాలు కలిసి ఇలా చేస్తాయి. మొదటిది నానకపోవడం. పైన తొక్క ఉబ్బి, లోపలి పప్పు ఇంకా నానకుండా ఉంటే, ఉడికేటప్పుడు పైన ఒకలా లోపల ఒకలా అవుతుంది. నానిందో లేదో చూడటానికి ఒక గింజను నిలువుగా కోయండి. మధ్యలో తెల్లటి పొడిభాగం గానీ పల్లం గానీ కనిపిస్తే ఇంకా నానాలి. మొత్తం ఒకే రంగులో నిండుగా ఉంటే చాలు.

రెండోది మంట. బయట గిన్నెలో ఉడికిస్తే మొదటి పది నిమిషాలు గట్టిగా తెర్లాలి, ఆ కారణం కింద రాజ్మాలో విషం గురించిన జవాబులో ఉంది. ఆపైన నీరు మెల్లగా కదిలేంత మంట చాలు. భగభగ తెర్లిస్తే గింజలు ఒకదానికొకటి కొట్టుకుని చిట్లుతాయి. నానిన రాజ్మాకి ఆ సన్నమంట మీద 45 నుంచి 60 నిమిషాలు పడుతుంది.

నానబెట్టే నీళ్లలో ఉప్పు వేస్తే గింజ ఉడకదన్న మాట చాలామంది వింటూ పెరిగారు. నిజానికి ఉప్పు మేలు చేస్తుంది. తొక్కను గట్టిగా పట్టి ఉంచే పెక్టిన్‌లో కాల్షియం, మెగ్నీషియం ఉంటాయి. ఉప్పులోని సోడియం వాటి స్థానంలోకి చేరితే తొక్క మెత్తబడి సాగుతుంది, లోపలి పప్పు ఉబ్బినా చిట్లదు. ఉడకనివ్వనిది పులుపు. వెనిగర్, నిమ్మరసం, టమాటా గింజలు పూర్తిగా మెత్తబడ్డాకే తగలాలి. బోరు నీళ్లు బాగా కఠినంగా ఉంటే వాటిలోని కాల్షియం కూడా అడ్డుపడుతుంది, అప్పుడు ఆర్‌వో (RO) యంత్రం నీళ్లు వాడండి.

ఇవన్నీ సరిగా చేసినా గట్టిగానే ఉంటే ఆ గింజలు పాతవి. వేడిలో, తేమలో ఎక్కువకాలం నిల్వ ఉన్న గింజలు ఎంతసేపు ఉడికించినా సరిగా మెత్తబడవు. వాటితో సలాడ్ పెట్టుకోవద్దు. మెత్తగా రుబ్బుకునే వంటకాలకు వాడుకోండి.

ప్రశ్న: వంటసోడా వేయొచ్చా?

రుబ్బే వంటకానికైతే సరే, సలాడ్‌కి వద్దు. సోడా తొక్కనూ పప్పునూ కలిపి కరిగిస్తుంది, గింజ రూపం నిలవదు. ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది. నీళ్లు మరీ కఠినమై వేరే దారి లేకపోతే నానబెట్టే నీళ్లలో మాత్రం లీటరుకు పావు టీ స్పూను వేసి, ఆ నీళ్లు పూర్తిగా పారబోసి కడగండి.

ప్రశ్న: రాజ్మాలో విషం ఉంటుందని ఎవరో అన్నారు. నిజమేనా? నేను స్లో కుక్కర్‌లో ఉడికిస్తాను. మొలకలు వచ్చిన రాజ్మా పచ్చిగా సలాడ్‌లో కలపొచ్చా?

నిజమే, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పచ్చి రాజ్మాలో, ముఖ్యంగా ఎర్ర రాజ్మాలో, ఫైటోహీమాగ్లుటినిన్ అనే లెక్టిన్, అంటే విషంలా పనిచేసే ఒక రకం ప్రోటీన్, ఎక్కువగా ఉంటుంది. పచ్చివో సగం ఉడికినవో నాలుగైదు గింజలు తిన్నా చాలు, ఒకటి నుంచి మూడు గంటల్లో వికారం, గట్టి వాంతులు, ఆ వెంట విరేచనాలు మొదలవుతాయి. సాధారణంగా కొన్ని గంటల్లో తగ్గుతాయి కానీ ఆ కొన్ని గంటలూ మనిషిని నిలువునా కుంగదీస్తాయి.

పోగొట్టే పద్ధతి సులువు. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో పూర్తిగా తెర్లుతుండగా కనీసం 10 నిమిషాలు ఉడికించాలి. 30 నిమిషాలు తెర్లిస్తే ఇంకా భరోసా. ఇది మొదటి పొంగు వచ్చిన దగ్గర్నుంచి లెక్క, పొయ్యి వెలిగించిన దగ్గర్నుంచి కాదు. ప్రెషర్ కుక్కర్‌లో వేడి ఇంకా ఎక్కువ కాబట్టి పై కొలతలతో ఉడికిస్తే దిగులు లేదు.

స్లో కుక్కర్‌తోనే చిక్కు. తక్కువ సెగ మీద గింజల లోపల వేడి 80 డిగ్రీల సెల్సియస్ కూడా దాటకపోవచ్చు. అంత తక్కువ వేడిలో ఈ విషం పోకపోగా పచ్చిగింజల్లో కంటే పెరగగలదు. గింజ మెత్తబడిపోతుంది, చూస్తే ఉడికినట్టే ఉంటుంది, అందుకే మోసపోతారు. స్లో కుక్కర్‌లోనే చేయాలనుకుంటే ముందు పొయ్యి మీద అరగంట తెర్లించి, ఆ నీళ్లు వార్చి, తర్వాత అందులో వేయండి.

మొలకెత్తిన రాజ్మా పచ్చిగా తినకూడదు. పెసలు, శనగల మొలకలు ఫర్వాలేదు. అయినా మొలకెత్తే వెచ్చదనం, తేమ క్రిములకు కూడా అనుకూలమే కాబట్టి చిన్నపిల్లలు, గర్భిణులు, పెద్దవయసువారు తినే సలాడ్‌లో వాటిని కూడా పొగలు కక్కే దాకా ఆవిరి మీద ఉడికించి వేయండి.

ప్రశ్న: సలాడ్‌లో వేసిన బీన్స్ మర్నాటికి పచ్చదనం పోయి మట్టిరంగుకు తిరుగుతున్నాయి.

వెనిగర్ వల్ల. ఆకుపచ్చ రంగునిచ్చే క్లోరోఫిల్ నడుమ ఒక మెగ్నీషియం పరమాణువు ఉంటుంది. ఆమ్లం తగిలితే అది ఊడిపోయి రంగు ఆలివ్ కాయ రంగుకు మారుతుంది. రుచికి ఏమీ కాదు, కంటికే. తెర్లే నీళ్లలో 3 నిమిషాలు వేసి ఐసు నీళ్లలో ముంచడం వల్ల తొలి రంగు మెరుస్తుంది కానీ పులుపులో ఆ రంగు నిలవదు. అందుకే ఉడికించి ఆరబెట్టిన బీన్స్‌ను వేరే డబ్బాలో ఉంచి, వడ్డించే అరగంట ముందు కలపమన్నది. గిన్నెలో నీళ్లు ఎక్కువ పోయడం కూడా ముఖ్యమే. 200 గ్రాముల బీన్స్‌కి కనీసం 2 లీటర్ల నీళ్లు ఉంటే వేయగానే తెర్లడం ఆగిపోదు, రంగు చెడకముందే ఉడికిపోతాయి. మూత పెట్టకండి.

ప్రశ్న: కలిపినప్పుడు రుచి చూసి సరిపెడతాను. ఫ్రిజ్‌లోంచి తీసి వడ్డిస్తే చప్పగా, పులుపు మాత్రమే తెలిసేట్టు ఉంటోంది. గింజలు కూడా గట్టిపడినట్టు అనిపిస్తోంది.

మీ నాలుక మిమ్మల్ని మోసం చేయడం లేదు. చల్లటి పదార్థంలో తీపి నాలుకకు తక్కువగా తెలుస్తుంది, వాసన కూడా పైకి లేవదు. పులుపు అంతగా తగ్గదు. కాబట్టి గోరువెచ్చగా ఉన్నప్పుడు సమంగా తోచిన డ్రెస్సింగ్ చల్లబడితే పులుపు వైపుకు ఒరుగుతుంది. అదే సమయంలో గింజలు ఉప్పును లోపలికి తీసుకుంటాయి, పైపైన తగిలే ఉప్పు తగ్గుతుంది.

కలిపేటప్పుడు ఉప్పు, తీపి రెండూ నాలుకకు ఒక పిసరు ఎక్కువ అనిపించేలా ఉంచండి. అసలైన రుచి పరీక్ష మాత్రం చల్లబడ్డాకే. వడ్డించే ముందు అడుగు నుంచి కలిపి, ఒక గింజ, ఒక ముక్క కలిపి తిని చూడండి. చప్పగా ఉంటే పావు టీ స్పూను ఉప్పుతో మొదలుపెట్టండి. ఉప్పు చాలినా ఏదో లోటనిపిస్తే నాలుగు చుక్కల నిమ్మరసం, తాజా కొత్తిమీర వాసనను లేపుతాయి. ఫ్రిజ్‌లోంచి తీశాక 15 నిమిషాలు బయట ఉంచి వడ్డిస్తే సగం బాధ దానంతటదే పోతుంది.

గట్టిపడటం కూడా నిజమే. ఉడికినప్పుడు విచ్చుకున్న పిండిపదార్థం చల్లబడితే మళ్లీ దగ్గరకు చేరి బిగుస్తుంది. చల్లటి అన్నం గట్టిపడటం ఇదే పని. అందుచేత సలాడ్ గింజను వేడి వంటకానికి ఉడికించే దానికంటే ఒక అడుగు ముందుకు ఉడికించాలి. పరీక్ష ఇలా: ఐదు గింజలు స్పూనులోకి తీసి మెల్లగా ఊదండి, తొక్క ముడతపడి లేవాలి. తర్వాత ఒక్కొక్కటీ నాలుకకూ అంగిలికీ మధ్య ఒత్తండి. ఐదూ పలుకు తగలకుండా వెన్నలా నలగాలి, కానీ స్పూనులో ఉన్నంతసేపూ రూపం చెడకూడదు. నాలుగు నలిగి ఒకటి పలుకుగా ఉంటే ఇంకో 5 నిమిషాలు. సరిగ్గా తినేలా ఉన్నాయనిపించిన చోట ఆపేస్తే ఫ్రిజ్‌లో అవి సున్నపుముక్కల్లా పొడిపొడిగా అయిపోతాయి.

ప్రశ్న: ఆలివ్ నూనె వాడితే ఫ్రిజ్‌లో తెల్లటి ముద్దలు కడుతోంది. పాడైందనుకుని పారేశాను.

పాడవలేదు. ఆలివ్ నూనె ఫ్రిజ్ చల్లదనానికి పాక్షికంగా గడ్డకడుతుంది. 20 నిమిషాలు బయట ఉంచి కలిపితే మళ్లీ కరుగుతుంది. వేరుశనగ నూనె కూడా మసకబారి చిక్కబడుతుంది. నేరుగా ఫ్రిజ్‌లోంచి వడ్డించాల్సి వస్తే పొద్దుతిరుగుడు నూనె వాడండి, అది పలచగానే ఉంటుంది. వాసన కోసం ఆలివ్ కావాలనిపిస్తే మూడు వంతులు పొద్దుతిరుగుడు, ఒక వంతు ఆలివ్ కలిపినా బాగుంటుంది.

ప్రశ్న: ఉల్లిపాయ వాసన సలాడ్ అంతటినీ కమ్మేస్తోంది, రెండో రోజుకి తినలేకపోతున్నాం.

కోసినప్పుడు పుట్టే గంధక పదార్థాల ఘాటు అది. పదునైన కత్తితో సన్నగా కోయండి, మొద్దు కత్తి నలిపి ఘాటు పెంచుతుంది. కోసిన ముక్కలను చల్లటి నీళ్లలో 10 నిమిషాలు ఉంచి, వార్చి, గట్టిగా పిండండి. లేదా డ్రెస్సింగ్‌కి కొలిచిన వెనిగర్‌లోనే పావుగంట నానబెట్టండి. ముక్క మెత్తబడి, తియ్యబడి, ఎర్ర ఉల్లి అయితే అందమైన గులాబీ రంగు తిరుగుతుంది. రెండు రోజులు ఉంచాలనుకుంటే ఉల్లికాడల పచ్చటి భాగం వడ్డించేటప్పుడు చల్లుకోవడం ఇంకా మేలు.

ప్రశ్న: వెనిగర్ ఉంది కదా, ఊరగాయలా బయట నిలవ ఉంటుందా? ఫ్రిజ్‌లో ఎన్నాళ్లు? లంచ్ బాక్సులో పెట్టొచ్చా? ఎక్కువగా చేసి గడ్డకట్టించుకోవచ్చా?

బయట నిలవ ఉండదు. ఈ సలాడ్‌లో వెనిగర్ రుచికి సరిపడా ఉంటుంది, నిలవకు సరిపడా కాదు. పైగా గింజ లోపలి భాగం పులుపెక్కడానికి చాలా గంటలు పడుతుంది. ఉడికించినా చావని కొన్ని క్రిముల బీజాలు గింజల్లో మిగిలి ఉంటాయి, గోరువెచ్చగా వదిలేస్తే మేల్కొని పెరుగుతాయి. అందుకే ఉడికిన గింజలను కుక్కర్‌లోనే మధ్యాహ్నం దాకా వదిలేయకుండా వెడల్పాటి పళ్లెంలో పరిచి చల్లార్చి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేర్చాలి.

ఫ్రిజ్ 4 డిగ్రీలు లేదా అంతకంటే చల్లగా ఉంటే 3 నుంచి 4 రోజులు బాగుంటుంది. కీరదోస, టమాటా కలిపేసి ఉంటే రుచి రెండో రోజుకే దిగిపోతుంది. వడ్డించిన గిన్నె బయట రెండు గంటలకు మించి ఉండకూడదు, 32 డిగ్రీలు దాటిన ఎండవేళ అయితే ఒక గంట. విందుకు పెట్టేటప్పుడు పెద్ద గిన్నె ఒకటే బయట పెట్టి ఉంచకుండా, చిన్న గిన్నెలో కొంచెం కొంచెంగా ఫ్రిజ్‌లోంచి నింపుతూ ఉండండి. లంచ్ బాక్సుకి ఐస్ ప్యాక్ తప్పనిసరి. జిగురుగా సాగినా, బుడగలు వచ్చినా, పులిసిన వాసన కొట్టినా రుచి చూడకుండా పారేయండి.

వెల్లుల్లి వేసుకునేవారికి ఒక మాట: పచ్చి వెల్లుల్లిని నూనెలో నానబెట్టి గది వేడిలో ఉంచొద్దు. గాలి తగలని ఆ నూనెలో బోటులిజం అనే ప్రమాదకరమైన ఆహార విషజబ్బు కలిగించే క్రిమి పెరగగలదు. వెల్లుల్లి ఏ రోజుది ఆ రోజే దంచి కలపండి.

కూరగాయలు కలిపిన సలాడ్‌ను గడ్డకట్టించకండి. ఐసు స్ఫటికాలు ముక్కల కణాలను చీల్చేస్తాయి, కరిగాక కీరదోస, క్యాప్సికం మెత్తటి తడిముద్దలవుతాయి. ఉడికిన గింజలు మాత్రం చక్కగా నిలుస్తాయి. ఆరబెట్టి, 250 గ్రాముల చొప్పున సంచుల్లో పలచగా పరిచి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. ముందురోజు రాత్రి కింది అరలోకి మార్చితే పొద్దునకి కరుగుతాయి. అప్పుడొచ్చిన నీళ్లు వార్చి, గోరువెచ్చగా వేడిచేసి, డ్రెస్సింగ్ పట్టించండి.

ప్రశ్న: మా నాన్నగారికి గింజలు తింటే కడుపు ఉబ్బరం. మానేయాల్సిందేనా?

గింజల్లోని రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు చిన్నపేగుల్లో అరగవు, పెద్దపేగుల్లోని క్రిములు వాటిని పులియబెట్టి గాలి పుట్టిస్తాయి. ఇవి కొంతవరకు నీళ్లలోకి దిగుతాయి కాబట్టి నానిన నీళ్లు, ఉడికిన నీళ్లు రెండూ వాడకండి. బాగా మెత్తగా ఉడికించండి. మొదట్లో రెండు టేబుల్ స్పూన్ల గింజలు, మిగతా అంతా కూరగాయలు ఉండేలా పెట్టి, రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచండి. అప్పటికీ తగ్గకపోయినా, కడుపునొప్పి తోడైనా వైద్యుణ్ని అడగండి.

ప్రశ్న: చక్కెర లేకుండా, వెనిగర్ బదులు నిమ్మరసంతో చేయొచ్చా? పెరుగు డ్రెస్సింగ్ కుదురుతుందా?

చక్కెర మానేయాలంటే వెనిగర్‌ను 3 టేబుల్ స్పూన్లకు తగ్గించి, క్యారెట్, స్వీట్ కార్న్, ఎర్ర క్యాప్సికం పెంచండి. నిమ్మరసం వెనిగర్‌కి దాదాపు సమానమైన పులుపే, కొలత మార్చనక్కర్లేదు. కానీ దాని తాజా వాసన ఒక రాత్రికే తగ్గుతుంది. సగం గింజలకు పట్టించి, మిగతా సగం వడ్డించే ముందు పిండండి.

పెరుగైతే గుడ్డలో కట్టి 2 గంటలు ఫ్రిజ్‌లోనే వేలాడదీసి నీరు పోనివ్వండి. 150 గ్రాముల గట్టి పెరుగుకు 2 టేబుల్ స్పూన్ల నూనె, ఒక టేబుల్ స్పూను నిమ్మరసం చాలు. తినే ముందే కలపాలి. ముందే కలిపితే కూరగాయల నీటికి పెరుగు పలచబడి జారిపోతుంది.

ప్రశ్న: టైం లేనప్పుడు డబ్బా గింజలు వాడితే అంత రుచి రావడం లేదు.

డబ్బా గింజలు పూర్తిగా ఉడికి ఉంటాయి, లెక్టిన్ భయం లేదు. డబ్బా ఉబ్బినా, మూత తీయగానే నీళ్లు చిమ్మినా వాడొద్దు. జిగురు నీటిని వార్చి, కుళాయి కింద నురగ పోయేదాకా కడగండి, ఉప్పు సుమారు 40 శాతం తగ్గుతుంది. రుచి రాకపోవడానికి కారణం చాలావరకు వాటిని చల్లగానే కలపడం. కడిగాక తెర్లే నీళ్లలో ఒక్క నిమిషం ముంచి తీసి, గుడ్డ మీద ఆరనిచ్చి, ఆ వెచ్చదనం పోకముందే వెనిగర్, ఉప్పు పట్టించండి. గంట సేపటి తర్వాత నూనె, కూరగాయలు వేయండి. ఇవి ముందే మెత్తగా ఉంటాయి కాబట్టి స్పూనుతో తిప్పకుండా గిన్నెను రెండు చేతులతో పట్టి ఎగరేస్తూ కలపండి.